మహిళా మిత్ర తోసామ్

లోకంలో మగవాడికి న్యాయం లేదు. ఇది మా అజుంగ్ ఊళ్ళో బోబె తోసామ్ చెప్పిన మాట కాదు, తేల్చిన మాట. చెప్పిన మాటనైతే ఎవరైనా కాదనవచ్చు. తేల్చిన మాటను కాదనడానికి వీల్లేదు. బోబె అని ఊళ్ళో పెద్దమనిషిని పిలుస్తారు. తోసామ్‌ను కూడా అందరూ అలాగే పిలిచేవారు, ఎదురుగా ఉన్నప్పుడు.

ఆయన దగ్గర రుజువులున్నాయి. భార్య బెర్నడెట్ జ్వరం వచ్చి పోయింది. పోయేముందు, తర్వాత వంట ఎవరు చేస్తారో ఏర్పాటు చేసి పోలేదు. మరుసటి ఏడు అన్న చియా పోయాడు. దాంతో ఈ ఇంట్లో వండే ఆడది లేని పొయ్యి, పక్కింట్లో తినే మగవాడు లేని పొయ్యి మిగిలాయి. ఈ చిక్కుకు విరుగుడు పసివాడు కూడా చెప్పగలడని తోసామ్ అభిప్రాయం. ఆచారం కూడా ఆయన పక్షమే. అన్న ఆస్తికి తమ్ముడు వారసుడు. ఆస్తి అన్నప్పుడు అందులో కుర్చీ, మేకలు, భార్య అన్నీ వస్తాయి. సంతాపం తీరిన మర్నాడే ఆయన వదిన నాంగే వాకిట్లో నిలబడి ఈ సంగతి మర్యాదగా తెలియజేశాడు.

నాంగే గిన్నె తోముతూనే విన్నది.

"నా చేతి వంటంటే నీకు అంత ఇష్టమా మరిదీ?"

"ఇష్టం సంగతి కాదు వదినా. ధర్మం."

"అయితే ఆ ధర్మాన్నే వండిపెట్టమను," అని గిన్నె బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంతకంటే అన్యాయం ఉంటుందా? తోసామ్ ఓర్చుకున్నాడు. ఓర్చుకుని అన్న కుర్చీ తెచ్చుకున్నాడు. అన్న టోపీ, అన్న నల్లకోటు తెచ్చుకున్నాడు. చివరికి వాగు పక్క పొలం కూడా తనదేనన్నాడు.

మా కొండల్లో నేలకు ఒక సూత్రం ఉంది. ఆడది పెళ్ళినాటి నుంచి ముసలితనం దాకా మొక్కజొన్న వేసినా ఆ నేల ఆమెది కాదు. మగవాడు ఒక్కసారి చెట్టు నాటితే ఆ నేల వాడిది. తోసామ్ జామాయిల్ మొక్కలు తెప్పించి ఇంటి వెనక నీడలో పేర్పించాడు. తొలివాన పడగానే వాగు పక్క నాటుతాడు. జామాయిల్ తాగే తాగుడుకు దాని పక్కన మొక్కజొన్న సంగతి అటుంచి గడ్డి కూడా బతకదు. ఆ పొలం పోతే నాంగేకు, పిల్లలకు వేరే నేల లేదు. అది తోసామ్‌కు తెలుసు. కడుపు కాలితే మనిషి దారికొస్తుందని ఆయన నమ్మకం.

నాంగే డి.ఓ. ఆఫీసుకు వెళ్ళింది. డి.ఓ. అంటే మా ప్రాంతానికి ప్రభుత్వం వేసిన పాలనాధికారి. ఇప్పటి డి.ఓ. ఎస్సోంబా దక్షిణాన అడవిసీమ నుంచి బదిలీ మీద వచ్చినవాడు. శ్రద్ధగా విన్నాడు.

"అమ్మా, ఇది కుటుంబ విషయం. ప్రభుత్వం కుటుంబాల్లో తల దూర్చదు," అన్నాడు.

మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ అదే మాట. ఇంకోసారి వెళితే ఆయన దొరకలేదు. మహిళా హక్కుల ఊరేగింపు ఏర్పాట్లలో తలమునకలై ఉన్నాడని జవాను చెప్పాడు.

ఆ ఏర్పాట్ల సభ చర్చి పక్కన హాల్లో జరిగింది. డి.ఓ. లేచి గొంతు సవరించుకున్నాడు.

"ఈ మార్చి ఎనిమిది అజుంగ్ చరిత్రలో సువర్ణాధ్యాయం కాబోతోంది. రాజధాని నుంచి ఒక పెద్ద సంస్థ తరఫున మదాం సొలాంజ్ గారు వస్తున్నారు. ఈ ఏటి నినాదం వితంతువుల హక్కులు. ప్రతి మహిళా స్వయంగా రాసిన అట్ట పట్టుకుని నడవాలి. కొన్న అట్టలు నిషేధం. నడకలో మగవాళ్ళు కూడా పాల్గొనాలి. వాళ్ళలో ఉత్తముడికి మహిళా మిత్ర అనే బిరుదు ఇచ్చి, నా పక్క కుర్చీలో కూర్చోబెడతాం."

మగవాళ్ళలో చలనం లేదు.

"పదకొండో అంశం కూడా ఉంటుంది," అన్నాడు డి.ఓ.

చలనం వచ్చింది. మా దగ్గర ఏ సభకైనా ప్రార్థన, స్వాగతం, ఉపన్యాసాలు అని ఎన్ని అంశాలున్నా జనం వచ్చేది పదకొండో దానికి. అదేమిటో ఎవరూ విడమరచి చెప్పరు. మాంసం, బీరు అని సభలో చెబితే మర్యాదగా ఉండదు.

పదకొండో అంశం కన్నా తోసామ్ మనసు ఆ కుర్చీ మీద ఎక్కువగా పడింది. డి.ఓ. పక్క కుర్చీ అంటే మాటలా? అందులో ఒకసారి కూర్చున్నవాడి పొలం గురించి తర్వాత ఎవడు నోరెత్తుతాడు? ఆయన లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఒక మనవి. ప్రతి ఊళ్ళోనూ ఆడవాళ్ళు మహిళా దినోత్సవానికని ఆ ఏడు అచ్చేసిన మార్చి ఎనిమిది గుడ్డే కట్టుకుని నడుస్తారు. అందరూ ఒక్కలాగే ఉంటారు. వచ్చే అమ్మగారికి అందులో చూసేదేముంది? మన నాయనమ్మల కాలంలో ఆడవాళ్ళకు అన్యాయం జరిగితే ఒక వేషం కట్టేవారు. మగవాళ్ళ చిరుగు బట్టలు, మెడకూ నడుముకూ అడవి తీగలు, మొహాన బూడిద. గొప్ప సంస్కృతి అది. ఆ వేషంతో నడిపిస్తే బాగుంటుంది."

డి.ఓ. మొహం వెలిగిపోయింది. "సంస్కృతి" అని రాసుకుని కింద గీత గీశాడు.

వెనక వరసలో ఆడవాళ్ళ పెద్ద కుయిన్ కూర్చుని ఉంది. నవైన్ అంటే అమ్మ, ఊరంతా ఆమెను నవైన్ కుయిన్ అనే పిలుస్తుంది. ఆమె లేచేసరికి గుసగుసలన్నీ ఆగాయి. ఆ వేషాన్ని చిన్నప్పుడు కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది ఆమె ఒక్కతే. ఆ రోజుల్లో మగవాళ్ళు చూసే వీలు లేదు. వేషం వీధిలోకి వచ్చిందంటే వాళ్ళు తలుపు గడియ పెట్టుకుని మంచం కింద ఉండేవారు. అందుకే ఆ సంస్కృతి మొదలు మాత్రమే మగవాళ్ళకు తెలుసు.

"అసలు వేషమే కావాలా బాబూ, ఉత్తుత్తిదా?" అని అడిగింది కుయిన్.

"నకిలీ పనికిరాదు. అసలుదే కావాలి. ఇది నా ఆజ్ఞ," అన్నాడు డి.ఓ.

"ఆజ్ఞేనా?"

"ఆజ్ఞే."

"అందరూ విన్నారు కదా," అని కుయిన్ మళ్ళీ కూర్చుంది.

ఆ రోజు నుంచి తోసామ్‌కు తీరిక లేదు. ముందు మార్చి ఎనిమిది గుడ్డ కొన్నాడు. బెర్నడెట్ బతికినన్నాళ్ళూ ఏటా ఆ గుడ్డ అడిగేది. గుడ్డ కట్టుకుంటే హక్కులొస్తాయా అని ఆయన ఏటా అడిగేవాడు. ఆవిడ పాత గుడ్డలోనే వెనక వరసలో నడిచి, ఒక ఏడు నడవడం కూడా మానేసింది. ఇప్పుడాయన తన కోసం గుడ్డ కొని, దర్జీ లూకాస్‌కిచ్చి మోకాళ్ళ దాకా చొక్కా కుట్టించుకున్నాడు. వీపు మీద గుండ్రంగా తల్లీబిడ్డల బొమ్మ పడింది.

లూకాస్ చొక్కా తెచ్చి తొడిగించి, వెనక్కి వెళ్ళి చూశాడు.

"ఎలా ఉందిరా?"

"బాగుంది. నువ్వు ఊపిరి తీసినప్పుడల్లా ఆ బిడ్డ పాలు తాగుతోంది."

"నీ వెటకారం మానవు కదా."

తోసామ్ సబ్బు పెట్టె అట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రాఫియా తాటిమట్ట బద్దకు అట్ట కట్టాడు. నల్ల రంగులో వేలు ముంచి మొదటి అక్షరం దిద్దుతుండగా నాంగే, నవైన్ కుయిన్ వాకిట్లోకి వచ్చారు. పొలం తగువు మొదలయ్యాక నాంగే ఆ గుమ్మం తొక్కడం ఇదే మొదటిసారి. ఆకలి పని చేసిందనుకున్నాడు తోసామ్. లోలోపల సంతోషించి, పైకి గంభీరంగా ఉన్నాడు.

"ఏం రాస్తున్నావు మరిదీ?"

"వితంతువు కన్నీరు ఊరికి చేటు."

"మంచిమాట. ఎవరామె?"

"ఎవరు?"

"ఆ వితంతువు."

"ఇది అందరి గురించీ రాసింది వదినా. ఒకరని కాదు."

"ఓహో, ఒకరని కాదు. నేనింకా నాకు తెలిసినామేమో అనుకున్నాను."

లూకాస్ సూదీదారం వెతుక్కునే పనిలో పడ్డాడు.

కుయిన్ అసలు పని చెప్పింది. "వేషానికి మగవాడి బట్ట కావాలబ్బాయ్. తక్కినవాళ్ళకు వాళ్ళ మొగుళ్ళ చిరుగులున్నాయి. నాంగే దగ్గర చియాది ఒక్క గుడ్డపేలిక లేదు. అన్నీ నీ దగ్గరే ఉన్నాయి. ఆ నల్లకోటు ఇస్తావా?"

ఆ కోటుకు తోసామ్ కొత్త గుండీలు కుట్టించుకున్నాడు. ఆదివారాలు చర్చికి అదే తొడుక్కుంటాడు. ఒక్క నిమిషం ప్రాణం విలవిల్లాడింది. కానీ డి.ఓ. పక్క కుర్చీ కళ్ళముందు మెదిలింది. ఉత్తముడన్నవాడు ఇలాంటప్పుడు ఇవ్వాలి. ఇచ్చాడని నలుగురికీ తెలియాలి కూడా.

"అమ్మా, అన్న కోటు అడగడానికి ఇంత మొహమాటమా," అని లోపలికి వెళ్ళి తెచ్చాడు. "లూకాస్, చూశావు కదా. నా చేత్తో ఇస్తున్నాను."

"చూశాను," అన్నాడు లూకాస్.

"నీ ఇష్టంతోనే ఇస్తున్నావు కదబ్బాయ్?"

"సంపూర్ణమైన ఇష్టంతో."

నాంగే రెండు చేతులూ చాచి కోటు అందుకుంది. మడత విప్పి కాలరు వాసన చూసింది. మొహంలో ఏమీ కనబడనివ్వకుండా చంకన పెట్టుకుని కుయిన్ వెనకే వెళ్ళిపోయింది.

వాళ్ళు మలుపు తిరిగాక లూకాస్ గొంతు తగ్గించాడు. "మా నాయనమ్మ ఒకసారి ఈ వేషానికి బట్ట అడిగితే మా తాత పెట్టెకు తాళం వేసి, తాళంచెవి వాగులో పారేశాడురా."

"ఎందుకు?"

"ఏమో. అడిగినప్పుడల్లా మాట మార్చేవాడు. అలా మార్చి మార్చి చచ్చిపోయాడు."

"పిసినారి," అని తోసామ్ రెండో అక్షరం మొదలుపెట్టాడు.

మార్చి ఎనిమిది తెల్లవారింది. తూర్పు కొండ మీద మబ్బు నల్లగా కూర్చుని ఉంది. ఒకటి రెండు రోజుల్లో వాన తప్పదని అందరికీ అర్థమైంది. మైదానంలో తాటాకు పందిరి వేశారు. పందిరి కింద డి.ఓ. కుర్చీ, మదాం సొలాంజ్ కుర్చీ, వాటి పక్కన ఉత్తముడి కుర్చీ. వాటికి తెల్లగుడ్డలు తొడిగారు. నడక చర్చి దగ్గర మొదలై, మార్కెట్ మీదుగా మైదానానికి రావాలి.

చర్చి దగ్గర ఆడవాళ్ళను చూసి తోసామ్ తృప్తిపడ్డాడు. నిజంగా సంస్కృతే. అజుంగ్‌లోని ఆడవాళ్ళందరూ వచ్చినట్టుంది. మోకాళ్ళు చిరిగిన పంట్లాములు, చంకలు తెగిన చొక్కాలు, పనికిరాని పోలీసు టోపీ ఒకటి. మెడల్లో పచ్చి తీగలు. మొహాలకు బూడిద పూసుకుంటే అక్కెవరో, చెల్లెవరో తెలియడం లేదు. అందరి చేతుల్లోనూ అట్టలున్నాయి. వాటి మీద మాత్రం డి.ఓ. చెప్పిన నినాదం లేదు. ఒకదాని మీద "నా మొగుడి సమాధి మీద మరిది మేక" అని ఉంది. ఇంకోదాని మీద "హక్కులిచ్చే ముందు పంపులో నీళ్ళివ్వండి". ముసలమ్మ ఒకావిడ అట్ట మీద అక్షరాలే లేవు, బొగ్గుతో ఒక మగవాడి బొమ్మ గీసి నోరు కొట్టేసి ఉంది. నాంగే కోటు తొడుక్కుంది. చేతులు వేళ్ళ మీదికి జారాయి. ఆమె దగ్గర అట్ట లేదు.

"నీ అట్టేది వదినా?"

"నీది ఉందిగా మరిదీ. ముందు నువ్వు నడువు, నేను దాని వెనకే వస్తాను."

ఆ వినయం ఆయనకు నచ్చింది. అట్ట ఎత్తిపట్టి అందరికన్నా ముందు నిలబడ్డాడు. చిన్న గంట మోగింది. నడక మొదలైంది.

మార్కెట్ దాకా అంతా పద్ధతిగా నడిచింది. వక్కలమ్మే వాళ్ళూ, మెకానిక్కులూ రోడ్డు పక్కన నిలబడి చూశారు. "బోబె తోసామ్, నువ్వెప్పుడు వితంతువయ్యావు?" అని ఒకడు అడిగాడు. ఉత్తముడు ఇలాంటివి వినకూడదు. ఆయన విని, వినలేదు.

మార్కెట్ దాటాక రోడ్డు చీలుతుంది. కుడివైపు మైదానం. ఎడమవైపు తోసామ్ ఉండే వీధి. ఆయన కుడికి తిరిగి, అట్ట ఇంకాస్త ఎత్తి, గుండె విరుచుకుని నడిచాడు. కాసేపటికి వెనక అడుగుల చప్పుడు వినబడలేదు. తిరిగి చూశాడు. రోడ్డు మీద తనూ, తన అట్టా ఉన్నారు. ఎడమ వీధిలోంచి ఆడవాళ్ళ కేక లేచింది. నోటి మీద వేళ్ళు ఆడిస్తూ వేసే సన్నని కేక అది. అది విన్నాక మార్కెట్లో మగవాళ్ళు కొట్లు కట్టేశారు. లూకాస్ మిషను కింద కూర్చున్నాడు.

తోసామ్ పరుగెత్తాడు. "అటు కాదమ్మా, ఇటు. దారి తప్పారు," అని అరుస్తూ పరుగెత్తాడు. తన వాకిలి దగ్గరికి వచ్చేసరికి వాకిలి నిండిపోయింది. కుళ్ళిన అవకాడోలు, అరటి తొక్కలు, ఊళ్ళో ఊడ్చిన చెత్తంతా గంపలతో తెచ్చి గుమ్మం ముందు పోస్తున్నారు. నవైన్ కుయిన్ ఆయన కుర్చీ బయటికి లాక్కుని కూర్చుంది. అది చియా కుర్చీ.

"ఏమిటి పెద్దమ్మా ఇది?"

"వేషం కట్టినప్పుడు ఒక గుమ్మం కావాలబ్బాయ్. గుమ్మం తొక్కకుండా, తప్పు ఒప్పించకుండా ఇది విప్పడానికి లేదు. విప్పితే ఊరికి అరిష్టం. ఎవరి గుమ్మమా అని మేం ఎంచుకోం. వేషానికి తన ఇంటి బట్టను తన చేత్తో ఇచ్చినవాడే, తప్పు నా ఇంట్లో ఉంది రండి అని పిలిచినట్టు. నువ్వు పిలిచావు. మేం వచ్చాం."

"అది ఊరేగింపుకని కదా ఇచ్చాను."

"సంపూర్ణమైన ఇష్టంతో ఇచ్చావు. లూకాస్ చూశాడు."

పాట మొదలైంది. నాంగే మధ్యలో నిలబడి ఎత్తుకుంటే అందరూ అందుకున్నారు.

"అన్న గోతిలో మన్ను ఆరనేలేదు, ఓ తోసామ్,
అన్న కోటుకు కొత్త గుండీలా, ఓ తోసామ్.
కూర వండలేదని కోపగించావు, ఓ తోసామ్,
వాగు పక్క నేలంతా మింగేశావు, ఓ తోసామ్.
జామాయిల్‌కు దాహమా, నీకు దాహమా, ఓ తోసామ్,
మా బిడ్డల గంజి కూడా తాగుతావా, ఓ తోసామ్."

పందిరి కింద ఎదురుచూసి విసిగి, డి.ఓ. జీపులో వచ్చాడు. పక్కన మదాం సొలాంజ్. పొడుగాటి మనిషి, మెడలో కెమెరా. జీపు ఆగకముందే దిగి ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. డి.ఓ.కు ముందు ఏమీ అర్థం కాలేదు. ఆపమనడానికి చెయ్యెత్తాడు. కుయిన్ ఆయన వంక చూసింది.

"బాబూ, వేషం మధ్యలో మగవాడు ఆపితే పాటలో ఆ మగవాడి పేరు కలుస్తుంది. అసలుదే కావాలని తమరే ఆజ్ఞ ఇచ్చారు."

డి.ఓ. ఎత్తిన చేత్తో టోపీ సర్దుకున్నాడు.

"అద్భుతం," అంది మదాం సొలాంజ్. "మైదానంలో నిలబెట్టి చూపిస్తారనుకున్నాను. నిజమైన ఇంటి ముందు వేశారు. ఆ దుర్మార్గుడి పాత్ర వేసినాయన ఎవరు? చూడండి, ఎంత సహజంగా వణుకుతున్నాడో. చెమట కూడా పోస్తోంది."

"మా కళాకారుడు," అన్నాడు డి.ఓ. "మా ఆఫీసే తయారుచేసింది."

"చేతిలో వితంతువు కన్నీరు అని అట్ట పెట్టడం ఎవరి ఆలోచన? ఎంత వెటకారం!"

అప్పటిదాకా అట్ట తన చేతిలోనే ఉందని తోసామ్‌కు గుర్తు లేదు. కింద పెట్టబోతే చెత్తలో పెట్టాలి. పట్టుకునే నిలబడ్డాడు.

డి.ఓ. ఆయన చెవి దగ్గరికి వంగాడు. "ఒప్పుకో. త్వరగా ఒప్పుకో. ఆవిడ సాయంత్రానికి వెళ్ళిపోవాలి."

"ఏం ఒప్పుకోమంటారయ్యా? ఇది కుటుంబ విషయమని తమరే అన్నారు."

"నిన్నటి దాకా కుటుంబ విషయం. ఇవాళ కెమెరా ముందుకు వచ్చింది. పొలం ఇచ్చేసి మాట ముగించు."

తోసామ్ వదిన వైపు తిరిగాడు. అంత జనంలో ఎవరూ ఆయనకు తెలిసిన మనుషుల్లా లేరు. బూడిద మొహాలు, తీగలు. ఒక్క కోటు మాత్రం తెలిసింది.

"వదినా, ఇంటి గుట్టు వీధిలో పెట్టడం బాగుందా? లోపలికి రా, కూర్చుని మాట్లాడుకుందాం."

"లోపల మాట్లాడి చూశాం కదా మరిదీ. నువ్వు గుమ్మంలో, నేను గిన్నెల దగ్గర. ఆఫీసులోనూ మాట్లాడి చూశాను. నాకు తెలిసిన గదులన్నీ అయిపోయాయి."

"పొలంలో వేసుకో. ఈ ఏటికి వేసుకో. నేను కాదనను."

పాట మళ్ళీ లేచింది. ఈసారి ఇంకాస్త గట్టిగా. మదాం కెమెరా ఆయన మొహానికి మూరెడు దూరంలోకి వచ్చింది.

"ఏటేటా వేసుకో," అన్నాడు తోసామ్.

"ఎవరి పొలంలో?"

డి.ఓ. వెనక నుంచి ఆయన వీపులో వేలితో ఒక్క పోటు పొడిచాడు.

"నీ పొలంలో."

"ఊరికి వినబడలేదు."

"వాగు పక్క పొలం నాంగేది. ఆమె తర్వాత ఆమె పిల్లలది. నేను అందులో చెట్టు నాటను."

కుయిన్ లేచి నిలబడింది. పాట ఆగింది. తప్పు ఒప్పుకున్నవాడు మేకనివ్వాలి, కోడినివ్వాలి. తోసామ్ దొడ్లోని నల్లమేకను ఎవరో అప్పటికే విప్పి పట్టుకున్నారు. కొందరు ఇంటి వెనక నుంచి జామాయిల్ మొక్కలు మోసుకొచ్చారు. తొక్కెయ్యబోతుంటే నాంగే వద్దంది.

"మొక్కలేం చేశాయి? వాటిని ఆయన వంటింట్లో నాటుకోమనండి. అక్కడ పొయ్యి ఎలాగూ వెలగదు, చోటుంది."

ఆడవాళ్ళందరూ వాగుకు వెళ్ళి బూడిద కడుక్కున్నారు. తీగలు నీళ్ళలో వదిలారు. నాంగే కోటు మాత్రం వదల్లేదు. తడి చేతులతో మడతపెట్టి తనే తీసుకువెళ్ళింది. దాన్ని అడిగే ధైర్యం తోసామ్‌కు లేదు.

ఇక్కడితో ఆయన ఇంట్లో కూర్చుని తలుపు వేసుకుని ఉంటే బాగుండేది. డి.ఓ. ఊరుకోలేదు. జీపులో ఎక్కించుకుని మైదానానికి తీసుకుపోయాడు. పందిరి కింద తెల్లగుడ్డ కుర్చీలో కూర్చోబెట్టి, మైకు ముందు నిలబడ్డాడు.

"మా కార్యాలయం రాత్రింబవళ్ళు చేసిన కృషి ఫలితంగా ఈనాడు ఒక వితంతువు భూమి ఆమెకు దక్కింది. ఎవరి బలవంతమూ లేకుండా దానిని తిరిగి ఇచ్చిన త్యాగమూర్తి బోబె తోసామ్‌కు మహిళా మిత్ర బిరుదు ప్రదానం చేస్తున్నాను."

తోసామ్ భుజం మీద ఎర్ర పట్టీ వేశారు. జనం చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు. ఆ చప్పట్లకు ఆయన తల నేలలోకి దిగబడింది. నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన లేచి, "ఆడవాళ్ళను గౌరవించాలి," అని కూర్చున్నాడు. ఇంట్లో బట్టీపట్టిన ఉపన్యాసంలో అదే మొదటి వాక్యం. రెండోది వితంతువుల గురించి.

పదకొండో అంశం వచ్చింది. మొక్కజొన్న ముద్దలు, జమజమ ఆకుకూర, మేకమాంసం. ఏ మేకో చెప్పనక్కర్లేదు. అందరికీ వడ్డిస్తూ వచ్చి, ఆయన ముందు కంచం పెట్టి, అందులో ఏమీ వేయకుండా ముందుకు వెళ్ళిపోయారు.

"కళాకారుడికి వడ్డించలేదే," అంది మదాం సొలాంజ్.

"తప్పుమేకను ఇచ్చినవాడు తినకూడదమ్మా. ఆచారం," అంది కుయిన్.

"ఇంకా పాత్రలోనే ఉన్నాడా?" అని మదాం ముచ్చటపడింది. ఎర్ర పట్టీ, ఖాళీ కంచం కలిసి వచ్చేలా ఒక ఫొటో తీసుకుంది.

మర్నాడు వాన పడింది. తెల్లారేసరికి నాంగే, పిల్లలు వాగు పక్క ఉన్నారు. మొక్కజొన్న, దాని మధ్య బీన్సు, గట్టు వెంట గుమ్మడి. వాన రోజూ పడింది. మొక్కజొన్న మోకాలెత్తు లేచేసరికి తోసామ్ మార్కెట్‌కు వెళ్ళే దారి మార్చుకున్నాడు. కొత్త దారి కొండ చుట్టూ తిరిగి వెళుతుంది. దగ్గరి దారి వాగు పక్క నుంచి.

ఒక మధ్యాహ్నం డి.ఓ. జీపు ఆయన వాకిట్లో ఆగింది. డి.ఓ. దిగి, తనంతట తనే కూర్చుని, సిగరెట్టు ముట్టించాడు. మనిషి మహా ఉత్సాహంగా ఉన్నాడు.

"తోసామ్, నీ అదృష్టం పండింది. మదాం గారు రాజధానిలో ఫొటోలు చూపించారు. అందరూ మెచ్చుకున్నారు. ఇంకా పెద్దవాళ్ళు వస్తారట. మన ప్రాంతపు గవర్నరు గారు కూడా వస్తారు. ఆ కార్యక్రమమే మళ్ళీ చేయాలి. ఇదే వాకిలి, ఇదే పాట. పాత్ర నీదే."

తోసామ్ సిగరెట్టు పొగను చేత్తో పక్కకు తోశాడు.

"ఒక చిన్న ఇబ్బంది ఉంది," అన్నాడు డి.ఓ. కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "ఇప్పుడు పొలం ఆవిడ దగ్గర ఉంది. ఆవిడ దగ్గర ఉన్నదాన్ని నువ్వు తిరిగి ఇవ్వలేవు కదా. అందుకని ముందు నువ్వు లాక్కోవాలి. వాళ్ళు వచ్చే వారం రోజుల ముందు లాక్కుంటే చాలు. పంట ఉంటే ఇంకా మంచిది, చూసేవాళ్ళకు జాలి కలుగుతుంది. ఆవిడ మా ఆఫీసుకు వస్తే నేను చూసుకుంటాను. ఎంతైనా కుటుంబ విషయం."

తోసామ్ తన జీవితంలో లాక్కోమంటే వద్దన్న మనిషి కాదు. ప్రభుత్వమే ఇంటికొచ్చి, కూర్చుని, లాక్కోమంటోంది. ఆయన కళ్ళు అలవాటుగా ఒకసారి మెరిశాయి. అంతలో వాగు వైపు నుంచి కలుపు తీస్తున్న ఆడవాళ్ళ పాట గాలికి వచ్చింది. ఏ పాటో ఇక్కడికి తెలియడం లేదు. కలుపు పాటే అయ్యుండవచ్చు. ఆయన లేచి, డి.ఓ. కూర్చున్న కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు.

"లేవండయ్యా."

"ఏమిటిది తోసామ్? గవర్నరు గారు వస్తున్నారంటుంటే?"

"దేవుడే దిగి రానివ్వండి. ఆ పొలం మాట, ఆ కోటు మాట, ఆ మార్చి ఎనిమిది మాట నేను మాట్లాడను. మీతో కాదు, గవర్నరుతో కాదు, చచ్చాక అన్నతో కూడా కాదు. నా వాకిట్లో ఆ ఊసు ఎవరూ ఎత్తడానికి వీల్లేదు."

జీపు వెళ్ళిపోయింది. మిషను మూసి వస్తున్న లూకాస్ దారిలో ఆగి, "ఏమంటాడురా డి.ఓ.?" అని అడిగాడు.

తోసామ్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.